షోరూమ్‌లో స్త్రీ: కారు ధర, బేరం, హక్కు

(వినియోగదారుల హక్కులపై మా సంస్థ జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో కొత్త కారు ధర గురించి మాట్లాడతానన్నప్పుడు నిర్వాహకుల్లో ఒకరు నవ్వి, "కనీస వేతనం కోసం కొట్లాడుతున్న వాళ్ల ముందు కారు బేరం గురించి చెప్తావా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాకే ముందుకు వెళ్లాలి.

నేను చెప్పబోయేది ఎక్కువగా అమెరికా సంగతి. 2006 నుంచి 2018 దాకా నేను అక్కడే ఉన్నాను. మొదట సోషియాలజీలో పరిశోధన, తర్వాత పాఠాలు చెప్పడం. అక్కడ కొన్ని మహానగరాలను వదిలేస్తే బస్సు దొరకదు. నడుద్దామంటే చాలాచోట్ల కాలిబాట కూడా ఉండదు. కారు లేకపోతే ఉద్యోగం లేదు, డాక్టరు లేడు, పిల్లల బడి లేదు, పాలప్యాకెట్టు లేదు. మన ఊళ్ల నుంచి పెళ్లి చేసుకుని వెళ్లిన వేలాది ఆడపిల్లలు ఆ ఊళ్లలోనే ఉన్నారు. అక్కడ కారు హోదాకు గుర్తు కాదు. గడప దాటడానికి దారి. ఆ దారికి ఎవరి దగ్గర ఎంత వసూలు చేస్తున్నారన్నది స్త్రీల హక్కుల ప్రశ్నే అవుతుంది.

రెండో కారణం కూడా ఉంది. కూలి దగ్గర ఆడమనిషికి తక్కువ ఇవ్వడం, షోరూమ్‌లో ఆడమనిషి దగ్గర ఎక్కువ గుంజడం వేర్వేరు సంగతులుగా కనిపిస్తాయి. కానీ రెండింటి వెనకా ఉన్న లెక్క ఒకటే: ఈ మనిషికి వేరే దారి లేదు, ఈమెకు అసలు రేటు తెలియదు, ఈమె ఎదురు అడగదు.

*

మాకు బేరం చేయడం రాదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మా అమ్మ రైతుబజారులో బీరకాయల దగ్గర రెండు రూపాయల కోసం పది నిమిషాలు నిలబడేది. చీరల కొట్లో లేచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి పిలిపించుకుని, ధర సగానికి దించిన ఘనత ఆమెది. అదే అమ్మ మా ఇంటికి ఫ్రిజ్ కొన్నరోజు నాన్న వెనక నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు ఎటు తెరుచుకుంటుందని మాత్రం అడిగింది.

దీని గురించి తర్వాత చాలా ఆలోచించాను. మనం బేరం చేసేది ఎక్కువగా మనకంటే బలహీనుల దగ్గర. బీరకాయలు అమ్మేది కూడా ఆడమనిషే, పైగా మనకంటే పేదది. అద్దాల షోరూమ్‌లో, టై కట్టుకున్న మగవాడి ముందు, కంప్యూటర్లో అచ్చయిన అంకె ముందు మన గొంతు పెగలదు. అంటే మనకు బేరం తెలియక కాదు. ఎక్కడ బేరమాడవచ్చో, ఎక్కడ నోరుమూసుకోవాలో మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు.

*

2009లో షికాగో శివారులో నేను మొదటిసారి కొత్త కారు కొన్నాను. చిన్న కారు. అద్దానికి అంటించిన కాగితం మీద 16,800 డాలర్లు అని ఉంది. నేను ఒక్కదాన్నే వెళ్లాను. సేల్స్‌మన్ మర్యాదస్తుడే. కాఫీ ఇచ్చాడు, మా దేశం గురించి అడిగాడు, సీటు రంగులు చూపించాడు. ఇంజను గురించి అడిగితే, "మీకు అవన్నీ ఎందుకు, చాలా నమ్మకమైన బండి" అన్నాడు. కాగితం మీద ధరకు పెయింట్ రక్షణ పూత అనీ, కాగితాల ఖర్చు అనీ ఇంకో 700 డాలర్లు కలిపి చూపించాడు. తగ్గించమంటే, "ఇది కంపెనీ పెట్టిన ధర, నా చేతిలో లేదు" అన్నాడు. నేను నమ్మాను. సంతకం పెట్టలేదు గానీ, నమ్మాను.

రెండు రోజుల తర్వాత మా డిపార్ట్‌మెంటులోనే చదివే ఒక తెల్ల కుర్రవాడు అదే షోరూమ్‌కి అదే మోడల్ కోసం వెళ్లాడు. అతనికి అడగకుండానే 15,900 చెప్పారు. పెయింట్ పూత ఊసే లేదు. అతను నాకంటే తెలివిగా మాట్లాడాడా అంటే, కార్ల గురించి అతనికి నాకు తెలిసినంత కూడా తెలియదు. ఆ రాత్రి నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువగా కలిగింది. మోసపోబోయినందుకు మనమే సిగ్గుపడటం ఉంది చూశారా, దాని మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. సిగ్గుపడినవాళ్లు ఎంత చెల్లించారో ఎవరికీ చెప్పరు కదా.

నా ఒక్క అనుభవం రుజువు కాదు. ఆ వారం అమ్మకాలు పడిపోయి ఉండవచ్చు, సేల్స్‌మన్ వేరొకడు కావచ్చు. అందుకే ఈ విషయం మీద ఏం పరిశోధన జరిగిందో వెతికాను.

*

ముందుగా ధర ఎలా తయారవుతుందో చెప్పాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాల ప్రకారం కార్ల కంపెనీ తన డీలర్లను తప్పించి నేరుగా కొనుగోలుదారుకు అమ్మకూడదు. డీలరు కంపెనీ దగ్గర ఇన్వాయిస్ ధరకు కొని మనకు అమ్ముతాడు. ఆ రెండింటి మధ్య తేడా మార్కప్. 1958కి ముందు డీలరు నోటికి వచ్చిందే ధర. ఆ ఏడాది సెనేటర్ మన్రోనీ పూనికతో వచ్చిన చట్టం వల్ల ప్రతి కొత్త కారు అద్దం మీద కంపెనీ సూచించిన ధర అంటించడం తప్పనిసరి అయింది. గుర్తుంచుకోవాల్సింది 'సూచించిన' అన్న మాట. డీలరు అంతకంటే తక్కువకు అమ్మవచ్చు, ఎక్కువకూ అమ్మవచ్చు. 2021, 2022లో చిప్‌ల కొరత వచ్చి కార్లు దొరకనప్పుడు చాలామంది డీలర్లు 'మార్కెట్ సర్దుబాటు' పేరుతో ఆ ధర మీద వేల డాలర్లు అదనంగా వేశారు. ఇన్వాయిస్ కూడా అసలు ఖరీదు కాదు. చాలా కంపెనీలు అమ్మకం తర్వాత అందులో కొంత డీలరుకు తిరిగి ఇస్తాయి. 'ఇన్వాయిస్‌కే ఇస్తున్నాను, నాకేం మిగలదు' అన్న మాటలో నిజం ఎంతో దీన్నిబట్టి చూసుకోండి.

బేరానికి కూర్చున్నప్పుడు కొన్నిచోట్ల నాలుగు గళ్ల కాగితం ఒకటి ముందు పెడతారు. ఒక గడిలో కారు ధర, ఒకదానిలో మీ పాత కారుకు ఇచ్చే విలువ, ఒకదానిలో ముందు కట్టే సొమ్ము, ఇంకొకదానిలో నెల వాయిదా. ఒక గడిలో తగ్గించి మీరు సంతోషించేలోపు ఇంకో గడిలో పెంచుతారు. మధ్యలో "మా మేనేజరును అడిగి వస్తాను" అని లేచిపోతారు. అలసిపోయినవాళ్లు, ఇంట్లో పిల్లల్ని వదిలి వచ్చినవాళ్లు, ఆ రోజే బండి కావలసినవాళ్లు లొంగిపోతారు. స్త్రీల సమయానికి విలువ లేని సమాజంలో ఎదుటివాళ్ల సమయాన్ని తినెయ్యడం కూడా ఒక ఆయుధమే.

*

ఇక పరిశోధన సంగతి. ఇయన్ ఎయిర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు నేనున్న షికాగో ప్రాంతంలోనే ఒక పరీక్ష చేశాడు. శిక్షణ ఇచ్చిన స్త్రీ పురుషులను, తెల్లవారినీ నల్లవారినీ, కొనుగోలుదారులుగా షోరూమ్‌లకు పంపాడు. అందరిదీ ఇంచుమించు ఒకే వయసు, ఒకే రకం చదువు, ఒకే తరహా దుస్తులు. అందరూ ఒకేలా బేరం చేయాలి. ఏం మాట్లాడాలో, ఎంతసేపు ఆగాలో కూడా ముందే రాసి ఇచ్చారు. 1991లో అచ్చయిన మొదటి అధ్యయనంలో తెల్ల పురుషులకు చెప్పిన మార్కప్ కంటే తెల్ల స్త్రీలకు 40 శాతం ఎక్కువ చెప్పారు. నల్ల పురుషులకు రెండింతలకు పైగా, నల్ల స్త్రీలకు మూడింతలకు పైగా చెప్పారు.

పీటర్ సీగెల్‌మన్‌తో కలిసి చేసిన పెద్ద అధ్యయనం 1995లో వచ్చింది. అందులో 300కు పైగా బేరాలున్నాయి. డీలర్ల చివరి ధర తెల్ల పురుషులతో పోలిస్తే తెల్ల స్త్రీలకు సుమారు 92 డాలర్లు, నల్ల స్త్రీలకు 410 డాలర్లు, నల్ల పురుషులకు 1,100 డాలర్లు ఎక్కువ.

ఈ అంకెల నుంచి రెండు సంగతులు తీసుకుందాం. ఒకటి, 'ఆడవాళ్లకు బేరం రాదు, అందుకే ఎక్కువ ఇస్తారు' అన్న మాట ఇక్కడ నిలవదు. అందరూ ఒకే మాటలు మాట్లాడారు. మాటలు ఒకటే అయినా జవాబులు వేరు. తేడా మన నోట్లో లేదు, ఎదుటివాడి అంచనాలో ఉంది. రెండు, జెండర్ ఒక్కటే తీసుకుంటే లెక్క తేలదు. మొదటి అధ్యయనంలో ఎక్కువ దెబ్బతిన్నది నల్ల స్త్రీ, రెండోదానిలో నల్ల పురుషుడు. తెల్ల స్త్రీ అనుభవాన్నే 'స్త్రీ అనుభవం' అనుకుంటే 92 డాలర్ల దగ్గరే ఆగిపోతాం. మన దగ్గర కులాన్ని పక్కనపెట్టి స్త్రీ సమస్య మాట్లాడితే వచ్చే పొరపాటు కూడా ఇటువంటిదే. కింబర్లీ క్రెన్‌షా 1989 నుంచి చెబుతున్నది ఈ కూడలి గురించే.

నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. 1996లో పినెలోపి గోల్డ్‌బర్గ్ కుటుంబాల ఖర్చుల సర్వే ఆధారంగా నిజంగా జరిగిన కొనుగోళ్లను పరిశీలిస్తే, సగటున చెప్పుకోదగ్గ వివక్ష కనిపించలేదు. ఎయిర్స్ చూసింది డీలరు చెప్పిన ధర, ఆమె చూసింది మనుషులు చివరికి ఇచ్చిన ధర. రెండూ నిజం కావచ్చు. ఎక్కువ ధర విన్నవాళ్లు ఇంకో నాలుగు షోరూమ్‌లు తిరిగి తగ్గించుకుని ఉండవచ్చు. అప్పుడు డబ్బు మిగిలినా, ఆ తిరుగుడు ఎవరి సమయం? 2003లో ఫియోనా స్కాట్ మోర్టన్, ఆమె సహచరులు చేసిన అధ్యయనం ప్రకారం షోరూమ్‌కి నేరుగా వెళ్లిన నల్లజాతి, హిస్పానిక్ కొనుగోలుదారులు సుమారు 2 శాతం ఎక్కువ చెల్లించారు. ఇంటర్నెట్ ద్వారా ముందుగా ధరలు తెప్పించుకున్నవారిలో ఆ తేడా దాదాపు పోయింది. ముఖం కనిపించనప్పుడు, అసలు రేటు తెలిసినప్పుడు వివక్షకు పట్టు దొరకదన్నమాట.

*

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. ఒప్పందాల్లో జాతి వివక్ష కూడదని అమెరికాలో 1866 నాటి పౌరహక్కుల చట్టం చెబుతుంది. ఆ రక్షణ స్త్రీ అన్న కారణంగా జరిగే వివక్షకు వర్తించదు. అప్పు విషయంలో మాత్రం 1974లో వచ్చిన చట్టం లింగ వివక్షను నిషేధించింది. అంతకుముందు పెళ్లయిన స్త్రీకి భర్త సంతకం లేకుండా అప్పు పుట్టడం కష్టంగా ఉండేది. అంటే ఒకే బల్ల మీద, ఒకే మనిషితో మాట్లాడుతున్నప్పుడు, వడ్డీ రేటులో మీకున్న రక్షణ కారు ధరలో లేదు.

వడ్డీలో రక్షణ ఉన్నా అక్కడా ఒక మార్కప్ దాగి ఉంటుంది. బ్యాంకు ఒక రేటుకు ఒప్పుకుంటే, డీలరు దానిమీద కొంత కలిపి మనకు చెప్పవచ్చు. ఆ పైదానిలో వాటా అతనికి దక్కుతుంది. బ్యాంకు ఎంతకు ఒప్పుకుందో మనకు చెప్పరు. మైనారిటీ కొనుగోలుదారుల మీద ఇలా ఎక్కువ వడ్డీ పడిందన్న ఆరోపణ మీద 2013 డిసెంబరులో ఆలీ అనే పెద్ద ఆర్థిక సంస్థ 98 మిలియన్ డాలర్లకు రాజీ పడింది. అందుకు ఆధారమైన ప్రభుత్వ మార్గదర్శకాన్ని 2018లో అమెరికన్ కాంగ్రెస్ రద్దు చేసింది.

*

ఈ వడ్డీ సంగతి నాకు పుస్తకంలో అర్థం కాలేదు. 2016లో ఒక చెల్లెలితో షోరూమ్‌కి వెళ్లినప్పుడు అర్థమైంది. పేరు చెప్పను. కోస్తా నుంచి పెళ్లయి వచ్చింది. హెచ్-4 వీసా, భర్త మీద ఆధారపడిన వీసా అది. పని చేయడానికి వీల్లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు కాబట్టి అప్పు చరిత్ర లేదు. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క కారు భర్త పేరు మీదే. రెండు తాళాలూ అతని జేబులోనే. "నీకు ఎక్కడికి వెళ్లే పని?" అనేవాడట. కొట్టలేదు, తిట్టలేదు. తాళం చెవి ఇవ్వలేదు, అంతే. ఆ ఇంటి నుంచి దగ్గరలో ఉన్న కూరగాయల కొట్టు నాలుగు మైళ్లు.

2015లో నిబంధన మారింది. గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవారి భార్యాభర్తలకు పని చేసుకునే అనుమతి వచ్చింది. ఆమెకు ఒక ఆసుపత్రి లెక్కల విభాగంలో ఉద్యోగం దొరికింది. ఏడాదిపాటు తోటి ఉద్యోగిని కారులో వెళ్లి డబ్బు దాచుకుంది. "అక్కా, నా పేరుమీద బండి కొనుక్కోవాలి, తోడు రా" అంది.

సేల్స్‌మన్ మొదటి ప్రశ్న, "మీ వారు ఎప్పుడు వస్తున్నారు?" రెండో ప్రశ్న, "నెలకు ఎంత కట్టగలరు?" ఆమె ఏదో చెప్పబోతే నేను చెయ్యి నొక్కాను. నెల వాయిదా చెప్పామా, ధర గడి మన చేతిలోంచి పోయినట్టే. అప్పు చరిత్ర తక్కువని 9 శాతం వడ్డీ చెప్పారు. లేచి వచ్చేశాం. మర్నాడు ఆమె పనిచేసే చోటి క్రెడిట్ యూనియన్‌లో అడిగితే 6 శాతానికి ఒప్పుకున్నారు. 18,000 డాలర్ల అప్పు, అయిదేళ్లు. నెలకు తేడా 26 డాలర్లు కూడా లేదు. అయిదేళ్లకు కలిపితే 1,500 దాటుతుంది. ఆ తర్వాత నాలుగు షోరూమ్‌లకు ఒకే ఉత్తరం పంపాం: ఫలానా మోడల్, ఫలానా రంగు, అన్ని ఖర్చులూ కలిపి చివరి ధర రాతపూర్వకంగా చెప్పండి అని. కింద ఆమె ఇంటిపేరు, మొదటి అక్షరాలు మాత్రమే పెట్టాం. మొదట వెళ్లిన షోరూమ్ కూడా జవాబిచ్చింది. మాకు ఎదురుగా చెప్పినదానికంటే 1,150 డాలర్లు తక్కువ.

ఆమె ఆ ఉత్తరం చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, నేను ఎదురుగా కూర్చుంటే 1,150 డాలర్లు ఎక్కువన్నమాట" అంది.

*

మేం ఆ కారు కొన్నాం, వేరే చోట. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మనం ఇచ్చే సలహాలన్నీ ఎలా ఉన్నాయో చూడండి: ముందే తెలుసుకో, రాయించుకో, లేచి వచ్చెయ్, పేరు దాచుకో. ఇవి పనికొస్తాయి. నేనే చెబుతున్నాను. అయితే స్త్రీ కనిపించకుండా ఉంటేనే న్యాయమైన ధర దొరుకుతుందంటే, అది పరిష్కారం కాదు. పైగా ఈ సలహాలన్నీ చదువు, ఇంగ్లీషు, తీరిక ఉన్నవాళ్లకు. మిగతావాళ్లు ఎక్కువ చెల్లిస్తారు. డీలరుకు లాభం వచ్చేదే వాళ్ల దగ్గర. నేను తెలివిగా బేరం చేసి తగ్గించుకున్న డబ్బు, నా వెనక వరుసలో నిల్చున్న ఆమె దగ్గర వసూలు కావచ్చు.

అందుకే అందరికీ ఒకే ధర అన్నది స్త్రీల డిమాండ్ కావాలి. అది అసాధ్యం కాదు. 1990లో సాటర్న్ అనే కార్లు బేరం లేని ధరతో వచ్చాయి. ఆ కంపెనీ 2010లో మూతపడింది గానీ, అలా అమ్మవచ్చని రుజువు చేసింది. డీలర్లు ముందే పూర్తి ధర చెప్పాలనీ, పనికిరాని అదనపు వస్తువులు అంటగట్టకూడదనీ 2023 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన తెచ్చింది. డీలర్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 జనవరిలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. అది న్యాయమా కాదా అన్నదాని మీద కాదు, తెచ్చిన పద్ధతి సరిగా లేదని. సంఘటితంగా ఉన్నది డీలర్లు. కొనేవాళ్లు ఒక్కొక్కరుగా, సిగ్గుతో, మౌనంగా ఉన్నారు.

*

హైదరాబాదు తిరిగి వచ్చాక ఇక్కడి షోరూమ్‌లూ చూశాను. ఇక్కడ ఎక్స్-షోరూమ్ ధర కంపెనీ ప్రకటిస్తుంది. ఆన్-రోడ్ ధర దగ్గరే ఆట మొదలవుతుంది. హ్యాండ్లింగ్ ఛార్జీలంటారు, మా దగ్గరే ఇన్సూరెన్సు తీసుకోవాలంటారు, మ్యాట్లూ సీటు కవర్లూ తీసుకుంటేనే బండి త్వరగా వస్తుందంటారు. ఒక వస్తువు కొనాలంటే ఇంకొకటి కొనాల్సిందే అని షరతు పెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిర్బంధ వ్యాపార పద్ధతి. ఇన్సూరెన్సు మనకు నచ్చిన చోట తీసుకోవచ్చు. ప్రతి పద్దునూ విడివిడిగా రాసి ఇమ్మని అడగవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వకీలు లేకుండా మీరే వెళ్లవచ్చు.

స్కూటీ కొనే అమ్మాయికీ, కుట్టుమిషను వాయిదాల మీద తీసుకునే ఆమెకూ, ఆటో కొనుక్కునే ఒంటరి స్త్రీకీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి నేను కోరేది ఒకటి. 1970లలో అమెరికన్ స్త్రీలు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని, ఇంటి గుట్టు అనుకున్నవాటిని ఒకరికొకరు చెప్పుకున్నారు. తమ ఒక్కరి సిగ్గు అనుకున్నది అందరి అనుభవమని అప్పుడు తెలిసింది. మన బృందాల్లో మనం భర్తల గురించి మాట్లాడుకుంటున్నాం, అత్తమామల గురించి మాట్లాడుకుంటున్నాం. ఎంత పెట్టి కొన్నామో, ఎంత వడ్డీ కడుతున్నామో కూడా చెప్పుకుందాం. బిల్లులు తెచ్చి పక్కపక్కన పెడదాం. ధర రహస్యంగా ఉన్నంతకాలమే వివక్ష సాగుతుంది.

ఆ చెల్లెలు ఇప్పటికీ ఆ బండే నడుపుతోంది. తాళాలు రెండూ ఆమె దగ్గరే ఉంటాయి. కిందటేడు ఆమె ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి కారు కొంటుంటే తోడు వెళ్లిందట. వెళ్లేముందు తన పాత బిల్లు, అప్పు కాగితం, ఆ నాలుగు షోరూమ్‌ల జవాబులూ ఒక కవర్లో పెట్టి ఆ అమ్మాయికి ఇచ్చిందని ఫోన్లో చెప్పింది.

సెలవు.